తరగతి పరిశీలన బోధనను మెరుగుపరచాలంటే: ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు ఒక మార్గదర్శి

ప్రధానోపాధ్యాయుల రోజు ఎలా గడిచిపోతుందో ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎవరెవరు సెలవు పెట్టారో చూసుకుని పీరియడ్లు సర్దడంతో మొదలై, పై కార్యాలయాలకు పంపాల్సిన వివరాలు, తల్లిదండ్రుల ఫిర్యాదులు, మరమ్మతులు, సమావేశాలతో సాయంత్రమైపోతుంది. వీటిలో ఏదీ అనవసరమైన పని కాదు. కానీ పిల్లలు చదువు నేర్చుకునేది తరగతి గదిలో. అక్కడ ఏం జరుగుతోందో దగ్గర నుంచి చూసి, దాని గురించి ఉపాధ్యాయులతో నిదానంగా మాట్లాడే పని మాత్రం ఏ రోజుకారోజు వాయిదా పడుతూ ఉంటుంది. అది వాయిదా పడకుండా ఎలా చూసుకోవాలో, చూసిన విషయం బోధనలో మార్పుగా నిలబడాలంటే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

తరగతుల వైపు వెళ్తూనే ఉన్నామని చాలామంది ప్రధానోపాధ్యాయులు అంటారు, అది నిజమే. అయితే రౌండ్లు వేయడం వేరు, పరిశీలన వేరు. అమెరికాలోని మయామీ-డేడ్ ప్రాంతంలో సుమారు వంద మంది ప్రధానోపాధ్యాయులు తమ పనిగంటలను దేనిదేనికి వెచ్చిస్తున్నారో జేసన్ గ్రిసమ్, సుసానా లోబ్, బెంజమిన్ మాస్టర్ అనే పరిశోధకులు మూడు విద్యాసంవత్సరాల్లో గమనించి, 2013లో ఫలితాలను ప్రచురించారు. ఉపాధ్యాయులకు బోధనలో చేయూతనిచ్చేందుకు, వారి పనిని మదింపు చేసేందుకు, పాఠశాల విద్యా కార్యక్రమాన్ని తీర్చిదిద్దేందుకు ఎక్కువ సమయం ఇచ్చిన చోట పిల్లల ప్రగతి మెరుగ్గా కనిపించింది. తరగతుల్లోకి అలా తొంగిచూసి వెళ్లిపోయే రౌండ్లకు ఎక్కువ సమయం పోయిన చోట, ముఖ్యంగా ఉన్నత పాఠశాలల్లో, ప్రగతి తక్కువగా కనిపించింది. రౌండ్లే నష్టం చేశాయని దీన్నిబట్టి తేల్చి చెప్పలేం. కానీ చూసి ఊరుకుంటే ప్రయోజనం లేదనీ, ఆ తర్వాత జరిగే సంభాషణలోనే పరిశీలన విలువంతా ఉందనీ నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ మార్గదర్శిలో తరగతిలో గడిపే సమయం కంటే బయటికి వచ్చాక మాట్లాడే సమయానికే ఎక్కువ చోటిచ్చాను.

సమయం కేటాయించుకోవడం

తీరిక దొరికినప్పుడు పరిశీలనకు వెళ్దామనుకుంటే ఆ తీరిక ఎన్నటికీ దొరకదు. ఉపాధ్యాయుల టైంటేబుల్లో పీరియడ్లు ఉన్నట్టే ప్రధానోపాధ్యాయులకూ వారానికి కొన్ని పీరియడ్లు పరిశీలనకు, వాటికి జతగా మరికొన్ని సంభాషణకు రాసిపెట్టుకోవాలి. ఆ సమయంలో ఫోన్లు ఎవరు తీయాలో, వచ్చినవారిని ఎవరు కూర్చోబెట్టాలో, ఏ పరిస్థితిలో మాత్రమే మిమ్మల్ని తరగతి నుంచి పిలవాలో కార్యాలయ సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి. సంభాషణకు సమయం లేని రోజున పరిశీలన కూడా మానుకోవడమే మంచిది. ఏమీ చెప్పకుండా వెళ్లిపోయిన ప్రధానోపాధ్యాయులు ఏమనుకున్నారోనన్న ఆందోళన ఉపాధ్యాయుల మనసులో రోజుల తరబడి ఉండిపోతుంది.

అందరితో ఒకేసారి మొదలుపెట్టవద్దు. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ 2018లో 60 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, ఉపాధ్యాయుల వెంట ఉండి చేయూతనిచ్చే పద్ధతి బోధననూ, పిల్లల ఫలితాలనూ మెరుగుపరుస్తుందని తేలింది; అదే పద్ధతిని ఎక్కువ మందికి విస్తరించిన కొద్దీ ప్రయోజనం తగ్గుతూ వచ్చిందని కూడా తేలింది. కాబట్టి ముగ్గురు, నలుగురు ఉపాధ్యాయులను ఎంచుకుని, ఒక్కొక్కరి తరగతికి కొన్ని వారాలపాటు మళ్లీమళ్లీ వెళ్లి, ఆ తర్వాతే మరో జట్టుకు మారాలి. ఏడాదికోసారి పీరియడంతా కూర్చుని పెద్ద నివేదిక రాయడం కంటే, పదిహేను రోజులకోసారి ఇరవై నిమిషాలు చూసి ఒక్క విషయం మాట్లాడుకోవడం చాలా మేలు. మొదటి జట్టులో బలహీనులని పేరుపడ్డవారిని మాత్రమే చేర్చకూడదు. అలా చేస్తే పరిశీలన అంటే శిక్ష అన్న మాట స్టాఫ్ రూమ్‌లో మొదటి వారంలోనే స్థిరపడిపోతుంది. అందరూ గౌరవించే అనుభవజ్ఞులు ఒకరు అందులో తప్పక ఉండాలి.

తరగతికి వెళ్లే ముందు

పరిశీలనకు ఒకటి రెండు రోజుల ముందు ఉపాధ్యాయులతో ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఈ పాఠం ముగిసేసరికి పిల్లలకు ఏం రావాలి, ఎక్కడ తడబడతారని అనుకుంటున్నారు, నన్ను ఏం గమనించమంటారు అన్న మూడు ప్రశ్నలు చాలు. వీటిలో మూడోదాన్ని వదలకూడదు. తాము చూడమన్న అంశాన్నే చూడటానికి వస్తున్నారని తెలిస్తే ఉపాధ్యాయుల భయం చాలావరకు తగ్గుతుంది. తర్వాత మాట్లాడుకునేటప్పుడు ఆ ప్రశ్న వారిదే అవుతుంది.

ఇంకొక విషయం ముందే తేటతెల్లం చేయాలి. వార్షిక నివేదికలు, పదోన్నతులు, వేతన పెంపులతో ముడిపడిన మదింపు వేరు, బోధన మెరుగుదల కోసం చేసే పరిశీలన వేరు. ఈ రెండింటినీ కలిపితే ఉపాధ్యాయులు బాగా అలవాటైన పాఠాన్ని ఎంచుకుని, జవాబులు వచ్చిన పిల్లలనే అడిగి, చూపించడానికి ఒక తరగతిని నడిపిస్తారు. అందుకు వారిని తప్పుపట్టలేం. మెరుగుదల కోసం రాసుకున్న కాగితాలు ఏ ఫైలులోకీ వెళ్లవని చెప్పాలి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి. పరిశీలన ముగిశాక ఆ కాగితాన్ని ఉపాధ్యాయుల చేతికే ఇచ్చేయడం ఇందుకు మంచి మార్గం.

తరగతి గదిలో

వెనక బెంచీలో కూర్చోవడం ఆనవాయితీ. అక్కడి నుంచి ఉపాధ్యాయులు బాగా కనిపిస్తారు కానీ పిల్లల ముఖాలు కనిపించవు. పక్కగా, గోడ వైపు, సగం మంది పిల్లల ముఖాలు కనిపించే చోట కూర్చోండి. పాఠం మొదలుకాక ముందే వెళ్లి కూర్చుంటే పిల్లల దృష్టి చెదరదు. పాఠం మధ్యలో కల్పించుకుని సరిదిద్దడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. పిల్లల ముందు చేసిన సవరణ ఎంత మర్యాదగా చేసినా ఉపాధ్యాయుల గౌరవాన్ని దెబ్బతీస్తుంది.

రాసుకునేటప్పుడు అభిప్రాయాలు రాయవద్దు, చూసింది, విన్నది మాత్రమే రాయండి. ‘తరగతి చురుకుగా లేదు’ అన్నది అభిప్రాయం. ‘10:20కి ప్రశ్న అడిగారు, ఇద్దరు చేతులెత్తారు, వెంటనే ఉపాధ్యాయులే జవాబు చెప్పారు’ అన్నది చూసిన విషయం. మొదటిదానిపై వాదన పుడుతుంది, రెండోదానిపై ఆలోచన పుడుతుంది. ఒక కాగితం మీద బెంచీల వరుసలు గీసుకుని, ఎవరిని ప్రశ్న అడిగితే వారి చోట ఒక గీత, వారు జవాబు చెబితే ఒక చుక్క పెడుతూ పోతే పీరియడ్ చివరికి ఒక పటం తయారవుతుంది. ఏ వరుస అంతా ఖాళీగా మిగిలిపోయిందో ఆ పటమే చెబుతుంది, మీరు నోరు విప్పనక్కర్లేదు.

ప్రశ్న తర్వాత వచ్చే విరామాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో రికార్డు చేసిన పాఠాలను విశ్లేషించి చూపారు. ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబుల నిడివి పెరిగింది, మౌనంగా ఉండిపోయే సందర్భాలు తగ్గాయి, సాధారణంగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడటం మొదలైంది. పిల్లలు జవాబు చెప్పిన తర్వాత ఉపాధ్యాయులు మరికొంత ఆగడం కూడా అంతే ముఖ్యమని ఆమె గుర్తించారు. ఆ కాస్త సమయంలో పిల్లలు తమ జవాబుకు తామే ఇంకో మాట జోడిస్తారు. వినడానికి ఇది చాలా చిన్న విషయంగా అనిపిస్తుంది. మూడు సెకన్ల మౌనాన్ని నలభై మంది ముందు భరించడం ఎంత కష్టమో పాఠం చెప్పేవారికే తెలుసు.

చివరి ఐదు నిమిషాల్లో ఉపాధ్యాయుల అనుమతితో ముగ్గురు నలుగురు పిల్లల నోటు పుస్తకాలు తిరగేయండి. శుభ్రంగా రాసిన పేజీల దగ్గర ఆగిపోకుండా రఫ్ పేజీల దాకా వెళ్లండి. భిన్నాల పాఠం జరిగిందనుకుందాం. 1/2కు 1/3 కలిపితే 5/6 అని నల్లబల్ల మీద ఉంటుంది, అందరి పుస్తకాల్లోనూ 5/6 అనే ఉంటుంది. ఒక పాప చివరి పేజీలో మాత్రం పెన్సిల్‌తో 2/5 అని వేసి కొట్టేసిన గుర్తు కనిపిస్తుంది. పైనున్న అంకెలను పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేసిందన్నమాట. సరైన జవాబును బల్ల మీంచి ఎక్కించుకుంది కానీ, తన లెక్క ఎందుకు తప్పిందో ఆ పాపకు తెలియనే లేదు. ‘ఇది ఎలా చేశావమ్మా?’ అని మెల్లగా అడిగితే తరగతిలో ఇంకెంతమంది అలాగే ఆలోచిస్తున్నారో అంచనా దొరుకుతుంది. అంతసేపు ముందు నిలబడి చెప్పిన ఉపాధ్యాయులకు కనిపించని విషయం ఇది. పక్కన కూర్చుని చూసినవారు చేయగలిగిన అతి పెద్ద సాయం కూడా ఇదే.

ఇంటి దగ్గర రాసుకొచ్చిన పనిని చూసి ఇలాంటి అంచనాకు రావడం ఇప్పుడు మునుపటిలా కుదరదు. అడిగిన అంశంపై వ్యాసం రాసిచ్చే కృత్రిమ మేధ సాధనం చాట్‌జీపీటీ 2022 నవంబరులో అందుబాటులోకి వచ్చాక, చక్కగా రాసిన వ్యాసం పిల్లల సొంతమో కాదో చూపుతో తేల్చలేని పరిస్థితి ఏర్పడింది. అలా రాయించుకున్నదాన్ని పట్టుకునే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడదామా అంటే, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే తన గుర్తింపు పరికరాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో ఉపసంహరించుకుంది. అలాంటి పరికరం చెప్పిందని పిల్లలను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. తరగతిలోనే పది నిమిషాలు రాయించడం, రాసినదాన్ని రెండు మాటల్లో నోటితో చెప్పించడం నమ్మదగిన దారులు. పరిశీలనకు వెళ్లినప్పుడు పిల్లలు సొంతంగా రాయడానికి, చెప్పడానికి పాఠంలో ఎన్ని నిమిషాలు దొరికాయో కూడా లెక్క రాసుకోండి.

పరిశీలన తర్వాతి సంభాషణ

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. అదే రోజు, లేదా మరుసటి రోజు, తలుపు వేసుకుని పదిహేను ఇరవై నిమిషాలు మాట్లాడుకోవాలి. వీలైతే మీ గదిలో కాకుండా ఖాళీగా ఉన్న ఆ తరగతి గదిలోనే కూర్చోండి. పెద్ద బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుంటే అది విచారణలా ఉంటుంది.

అభిప్రాయం చెప్పడం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడం పొరపాటు. అవ్రహం క్లూగర్, ఏంజెలో డెనిసీ 1996లో ఈ విషయంపై వచ్చిన పాత అధ్యయనాలన్నిటినీ క్రోడీకరించినప్పుడు, పనిపై అభిప్రాయం చెప్పడం సగటున మేలు చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అవతలివారి పని మరింత దిగజారిందని తేలింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు మళ్లినకొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వారు వివరించారు. ‘మీరు చాలా మంచి టీచర్’ అన్న పొగడ్త కూడా మనిషి మీదకు మళ్లిన మాటే. దానితో పాఠంలో దేన్ని కొనసాగించాలో తెలియదు. ‘పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు మీరు కాదనకుండా, అలా ఎందుకనుకున్నావని అడిగారు, ఆ తర్వాత మరో ముగ్గురు ధైర్యంగా చేతులెత్తారు’ అంటే రేపు కూడా అదే చేయాలని తెలుస్తుంది.

సంభాషణ ఎలా సాగాలో ఒక ఉదాహరణ. కుశలప్రశ్నల తర్వాత, “మాస్టారూ, మీరడిగిన ప్రశ్నలకు ఎవరెవరు జవాబు చెప్పారో ఈ కాగితం మీద గుర్తు పెట్టాను, ఒకసారి చూడండి” అని పటాన్ని ముందుంచి ఊరుకోవాలి. పిల్లలకు ఇవ్వమని చెప్పే ఆ విరామం ఉపాధ్యాయులకూ అవసరమే. కాసేపటికి వారే, “కిటికీ వైపు వరుసను నేను అసలు అడగనే లేదండీ” అంటారు. “ఎందుకంటారు?” అంటే, “అక్కడి పిల్లలు చెప్పలేరని ముందే అనుకున్నానేమో. పైగా సిలబస్ వెనకబడిపోతోంది కదా” అని జవాబు వస్తుంది. సిలబస్ మాటను సాకుగా కొట్టిపారేయకూడదు, అది నిజమైన ఒత్తిడి. ఆ ఒత్తిడిలోనే చేయగలిగే మార్పు ఏదో ఇద్దరూ కలిసి వెతకాలి.

అలా వెతికి ఒకే ఒక్క మార్పును నిర్ణయించుకోవాలి. ఏడెనిమిది సూచనలు రాసిస్తే అన్నీ బాగున్నట్టే ఉంటాయి, ఒక్కటీ అమలు కాదు. పైగా ఆ మార్పు వారంలో అలవాటు చేసుకోగలిగినంత చిన్నదిగా, మళ్లీ వచ్చినప్పుడు కంటికి కనిపించేలా ఉండాలి. ‘విద్యార్థుల భాగస్వామ్యం పెంచాలి’ అంటే ఎవరికీ ఏమీ చెప్పినట్టు కాదు. ‘ప్రశ్న అడిగాక మనసులో మూడు లెక్కపెట్టి, ఆ తర్వాతే పేరు పిలవాలి, ప్రతి పాఠంలో కిటికీ వరుస నుంచి కనీసం ఇద్దరిని పిలవాలి’ అంటే రేపు పొద్దున్నే మొదలుపెట్టవచ్చు.

మార్పు నిర్ణయమయ్యాక అక్కడికక్కడే ఒకసారి చేసి చూడటం చాలామంది వదిలేసే మెట్టు. ఖాళీ గదిలో ఉపాధ్యాయులు నిలబడి, రేపటి పాఠంలోని ప్రశ్ననే పైకి అడిగి, మూడు లెక్కపెట్టి, పేరు పిలవాలి. మొదట ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే ప్రధానోపాధ్యాయులే ముందు చేసి చూపాలి. ఏం చేయాలో తెలియడానికీ, పిల్లల ముందు అది అలవోకగా రావడానికీ మధ్య ఉన్న దూరం ఈ అభ్యాసంతోనే తగ్గుతుంది.

ఏ మార్పును ముందు ఎంచుకోవాలన్న సందేహం వస్తే నా వరుస ఇది. పిల్లలు స్థిమితపడి పాఠం వినగలుగుతున్నారా అన్నది మొదటిది. అది లేనిచోట మరేదీ నిలవదు. అందరూ ఆలోచించేలా ప్రశ్నలు సాగుతున్నాయా అన్నది రెండోది. అర్థమైందో లేదో ముందుకు వెళ్లేముందు తెలుసుకుంటున్నారా అన్నది మూడోది; ‘అర్థమైందా?’ అంటే అందరూ అయిందనే అంటారు కాబట్టి, ఒక చిన్న లెక్కో ప్రశ్నో ఇచ్చి అందరి పలకలూ పుస్తకాలూ ఒక్కసారి పైకెత్తించాలి. పాత పాఠాలు గుర్తుంటున్నాయా అన్నది ఆ తర్వాతది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీమళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారు వారం తర్వాత ముందుకు వచ్చారు. పీరియడ్ మొదట్లో పోయిన వారం పాఠం నుంచి మూడు ప్రశ్నలు, మార్కులు లేకుండా, పుస్తకం మూయించి అడిగితే చాలు.

మళ్లీ వెళ్లడం

నిర్ణయించుకున్న మార్పును చూడటానికి వారం పది రోజుల్లో మళ్లీ వెళ్లాలి. వెళ్తామని చెప్పి వెళ్లకపోతే ఆ పని అంత ముఖ్యం కాదని మనమే చెప్పినట్టవుతుంది. రెండోసారి ఆ ఒక్క అంశాన్నే చూడాలి, కొత్త లోపాలు వెతకకూడదు. మార్పు కుదిరితే ఏం జరిగిందో పాత పటం పక్కన కొత్త పటాన్ని పెట్టి చూపించి తర్వాతి మెట్టుకు వెళ్లాలి. కుదరకపోతే మెట్టును ఇంకా చిన్నది చేయాలి, లేదా అసలు ఎంచుకున్న అంశమే సరైనది కాదేమో ఆలోచించాలి.

మీరొక్కరే చూడవద్దు

గణితం చెప్పి వచ్చిన ప్రధానోపాధ్యాయులకు భాషా పాఠంలోని సూక్ష్మాలన్నీ పట్టుబడవు; ఆ సంగతి ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ 2009లో చేపట్టిన ఒక పెద్ద పరిశోధనలో, ఒకే వ్యక్తి మరో పాఠం చూడటం కంటే రెండో వ్యక్తి వచ్చి చూడటం వల్లే అంచనా మరింత నమ్మదగినదవుతుందని తేలింది. అదే సబ్జెక్టు చెప్పే సీనియర్లు ఒకరు ఒకసారి, మీరు ఒకసారి చూసి, చెప్పే మాట మాత్రం ముందే కలిసి అనుకుని ఒక్కరే చెప్పండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఉపాధ్యాయులు నలిగిపోతారు. ఒకరి తరగతిని ఒకరు చూసుకునేందుకు ఉపాధ్యాయులకు పీరియడ్ ఖాళీ చేసివ్వడం ఇంకా మంచిది. ఆ పీరియడ్‌లో ప్రధానోపాధ్యాయులే వారి తరగతికి వెళ్లి పాఠం చెబితే సర్దుబాటూ అవుతుంది, గౌరవమూ పెరుగుతుంది. ఏడాదిలో ఒకసారైనా మీ పాఠాన్ని వారిచేత పరిశీలింపజేసుకుని, అదే పటాన్ని మీ మీద గీయించుకోండి.

ఉపాధ్యాయులకు

పరిశీలన మీ మీద జరిగేది కాదు, మీరు వాడుకోగలిగేది. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న తరగతికే రమ్మనండి, బాగా నడిచే తరగతికి పిలిచి ప్రయోజనం లేదు. ‘ఎలా ఉంది సార్?’ అని అడిగితే ‘బాగుంది’ అన్న మాట తప్ప ఏమీ రాదు. ‘సమూహ పని ఇచ్చినప్పుడు మూడో బల్ల దగ్గర ఏం మాట్లాడుకున్నారో విన్నారా?’ అని అడిగితే పనికొచ్చే సమాధానం వస్తుంది. ఎక్కువ సూచనలు ఇస్తుంటే, ముందుగా ఏది చేయమంటారని అడగడంలో అవిధేయత ఏమీ లేదు. ఇచ్చిన సూచన మీ తరగతికి సరిపోదనిపిస్తే, వారం చేసి చూసి, పిల్లల పుస్తకాలు చూపిస్తూ ఆ మాట చెప్పండి.

కొన్ని జాగ్రత్తలు

ఉపాధ్యాయులను పరిశీలన ఫలితాలతో పోల్చి జాబితాలు వేయకూడదు, ఒకరి పాఠం గురించి మరొకరి దగ్గర ప్రస్తావించకూడదు. పాఠాన్ని వీడియో తీసుకుని తామే చూసుకోవడం ఉపాధ్యాయులకు ఎంతో మేలు చేస్తుంది. కానీ అందులో పిల్లలు కనిపిస్తారు కాబట్టి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ వీడియో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదు, పని అయ్యాక తీసేయాలి. కొత్తగా చేరినవారి దగ్గరికి మొదటి నెలలోనే వెళ్లాలి. అప్పుడు పడిన అలవాట్లు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. పిల్లలను కొట్టడం, అవమానించడం, వారి భద్రతకు ముప్పు కలగడం వంటివి కంటపడితే మాత్రం ఈ నిదానమైన పద్ధతి వర్తించదు. అది ఒక్కో మెట్టూ మెరుగుపరచాల్సిన బోధనా విషయం కాదు, పిల్లల రక్షణ విషయం. అదే రోజు ఆపించి, నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి.